మేడారం దారిలో ఛాసిస్ మీమాంస

మోటారు సైకిలు ప్రమాదంలో కలిగే నష్టాలను కంటికి కనిపించేవి, కనిపించనివి అని రెండు తరగతులుగా విభజించవచ్చును. విరిగిన అద్దం, పగిలిన హెడ్‌లైటు, సొట్టపడిన ట్యాంకు, వంకరపోయిన ఫుట్‌రెస్టు మొదటి తరగతికి చెందినవి కనుక వాటికి సానుభూతి సులభంగానే లభిస్తుంది. రెండవ తరగతిలో దాదాపు ఒంటరిగా నిలిచేది ఫ్రేము, అనగా ఇంజనును, ట్యాంకును, సీటును, రెండు చక్రాలను కలిపి పట్టి ఉంచే ఉక్కు గొట్టాల చట్రం. మెకానిక్కులు, బీమావారు, రవాణా శాఖవారు దీనిని ఛాసిస్ అంటారు. అది కాస్త వంగినా బండి స్టార్టవుతుంది, హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది. అందువల్ల దానికేమీ కాలేదని హామీ ఇవ్వడానికి దారినపోయే ప్రతి ఒక్కరూ సిద్ధంగా ఉంటారు. ఈ ఏకాభిప్రాయాన్ని పరిశీలించడానికి మేడారం దారికంటె అనువైన క్షేత్రం తెలంగాణలో మరొకటి కనిపించదు.

పాత వరంగల్ జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు జిల్లాలోకి చేరిన మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 1996లో రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందిన ఈ జాతరలో బుధవారం కన్నెపల్లి నుండి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుండి సమ్మక్క గద్దెలకు చేరుకోగా, వారి దర్శనానికి హనుమకొండ, ములుగు మీదుగా వచ్చే జనంలో బస్సు ఎక్కినవారు కొందరైతే, స్వంత బండిమీద నమ్మకం ఉన్నవారు మరికొందరు. ఈ రెండవ వర్గానికి చెందిన బండిమీద యజమాని, ఆయన భార్య, ట్యాంకు మీద చిన్నపిల్లవాడు, ఇద్దరి నడుమ పెద్దపిల్ల, హ్యాండిలుకు వేలాడే సంచిలో ఎదురుకోళ్ళ మొక్కు కోసం తెచ్చిన కోడి, వెనుక కట్టిన గోనెసంచిలో బంగారం ఉండడం అసాధారణం కాదు. ఇక్కడ బంగారమంటే అమ్మవార్లకు మొక్కుగా సమర్పించే బెల్లం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ద్విచక్ర వాహనంమీద నడిపేవాడు కాక మరొక్క మనిషి మాత్రమే కూర్చోవాలని శాసించింది గానీ కోళ్ళ విషయంలో మౌనం వహించింది కనుక, పై జాబితాలో చట్టరీత్యా నిర్దోషి అని నిస్సందేహంగా చెప్పదగినది ఆ కోడి ఒక్కటే.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి తొలి మొక్కు చెల్లించి ముందుకు సాగిన ఈ బండికి ఎదురయ్యే ప్రమాదం సినిమాలలో చూపించేటంత ఘనంగా ఏమీ ఉండదు. పస్రా దాటిన తరువాత వాహనాల వరుసలో ముందున్న ఆటో హఠాత్తుగా ఆగడం, దానిని తప్పించబోయి రోడ్డు అంచు దిగడం, ఆ అంచున ఒక మేక నిలబడి ఉండడం, ముందు చక్రం మేకనూ ఆ పక్కనున్న గట్టునూ ఒకేసారి పలకరించడం, అందరూ మెల్లగా పక్కకు ఒరిగిపోవడం మాత్రమే జరుగుతాయి. మనుషులకు మోకాళ్ళు గీరుకుపోతాయి, కోడి తప్పించుకుపోతుంది. చుట్టూ చేరినవారు బండిని లేపి నిలబెట్టి, “ఏం కాలే అన్నా, తల్లులు కాపాడిన్రు, నడువు” అని తీర్పు చెబుతారు. తల్లులు కాపాడింది మనుషులను మాత్రమేనన్న భేదాన్ని ఆ క్షణంలో ఎవరూ పాటించరు.

పాలసీ కాగితానికీ లోకవ్యవహారానికీ మధ్య గల తొలి ఘర్షణ మేక యజమాని రాకతో ఆరంభమవుతుంది. ఆయన దృష్టిలో చనిపోయిన మేక చూలుది. పుట్టబోయే పిల్లలు రెండు, వాటికి పుట్టబోయేవి నాలుగు, వీటన్నిటి వెలనూ కలిపి ఆయన చెప్పే మొత్తంలో తరుగుదల అనే పద్దు కనిపించదు. ఊరి పెద్దమనుషులు అక్కడే నిలబడి పంచాయితీ చేసి, సగానికి తెగ్గొట్టి, డబ్బు చేతిలో పెట్టించి పంపిస్తారు. కానీ మన దేశంలో వాడుకలో ఉన్న ప్రామాణిక మోటారు పాలసీలో ఒక షరతు ఉన్నది: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు ఎవరిదగ్గరా తప్పు ఒప్పుకోరాదు, పరిహారం ఇస్తానని మాట ఇవ్వరాదు, డబ్బు చెల్లించరాదు. జాతర రద్దీలో సెల్‌ఫోన్ సిగ్నలు దొరకడమే దుర్లభమైన చోట, మేకవాడిని కూర్చోబెట్టి కంపెనీ నుండి ఉత్తరం తెప్పించడం ఎలాగో ఆ షరతు రాసినవారు వివరించలేదు. వారు ఎన్నడూ మేక యజమానిని చూసి ఉండరని మాత్రం ఊహించవచ్చును.

తిరుగు ప్రయాణంలోనే బండి ఒక పక్కకు లాగడం మొదలుపెడుతుంది. దీని కారణం తెలియాలంటే చట్రం నిర్మాణాన్ని కొంత గమనించాలి. చట్రం ముందుభాగంలో హెడ్ పైప్ అనే పొట్టి గొట్టం ఉంటుంది. ముందు ఫోర్కులను పట్టి ఉంచే టీ దీనిలో బేరింగుల మీద తిరుగుతుంది. ముందు చక్రం దేనికైనా గుద్దుకున్నప్పుడు పొడవైన ఫోర్కులు రెండూ గునపంలా పనిచేసి, దెబ్బ బలాన్ని ఈ హెడ్ పైప్ అతుకుల దగ్గర కేంద్రీకరిస్తాయి. అందువల్ల మొదట ఫోర్కులు, తరువాత టీ, దెబ్బ గట్టిదైతే ఆ తరువాత హెడ్ పైప్ వెనుకనున్న గొట్టాలు వంగుతాయి. అతుకుల దగ్గర రంగు సన్నగా పగిలి పెచ్చులూడడం, ముందు టైరు మునుపటికంటె ఇంజనుకు దగ్గరగా కనిపించడం, వెనుక టైరుకు ఆనించి లాగిన దారం ముందు టైరుకు రెండు వైపులా సమానంగా రాకపోవడం దీనికి ఆనవాళ్ళు. వెనుక చక్రాన్ని చైన్ అడ్జస్టర్ల దగ్గర వంకరగా బిగించినా ఇటువంటి లక్షణమే కనిపిస్తుంది కనుక, మెకానిక్కు మొదట అక్కడే పానా పెట్టి, ఒక మర తిప్పి, “ఇగ సీదా అయింది పో” అంటాడు. దానితో రెండు చక్రాలూ రెండు వేర్వేరు వంకరలను పరస్పర అంగీకారంతో పంచుకుంటాయి.

ఆ ఒప్పందం ఎంతోకాలం నిలవదు. రెండవసారి బండి తెచ్చినప్పుడు మెకానిక్కు హెడ్ పైపులో పెద్ద ఇనుపరాడ్డు దూర్చి, వెనుక భాగాన్ని చెట్టుకు గొలుసుతో కట్టి, జాకీతో లాగి, గ్యాసుతో వేడిచేసి చట్రాన్ని సరిచేస్తానంటాడు. ఆయన పనితనాన్ని శంకించనక్కరలేదు. అడ్డు వచ్చేది ఉక్కు స్వభావమే. ఉక్కు ఒక హద్దు వరకు వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది, ఆ హద్దు దాటితే వంపు శాశ్వతమవుతుంది. ఆ వంపును చల్లగా ఉండగానే వెనక్కు లాగితే లోహం అక్కడ గట్టిపడి పెళుసుబారుతుంది; వేడిచేసి లాగితే సాధారణంగా బలం తగ్గుతుంది; ఏ విధంగా చేసినా, తరువాత గుంతలలో పడిన ప్రతిసారీ ఆ చోట సన్నని పగులు కొద్దికొద్దిగా పెరిగే అవకాశం ఉంటుంది. లోహశాస్త్రంలో దీనిని అలసట అంటారు. తయారీ సంస్థలు సాధారణంగా వంగిన చట్రాన్ని సాగదీయవద్దని, మార్చమని చెప్పడానికి కారణం ఇదే. కొత్త చట్రం అమ్ముడవుతుందన్న సంతోషం వారికి అదనం.

చట్రం మార్చడమంటే అద్దం మార్చడం వంటిది కాదు. పదిహేడు అక్షరాలు, అంకెలు గల ఛాసిస్ నంబరు చాలా బండ్లలో హెడ్ పైప్ మీదనే చెక్కి ఉంటుంది. రిజిస్ట్రేషను పత్రమూ, పాలసీ కాగితమూ, ఫైనాన్సువారి పుస్తకమూ బండిని గుర్తించేది ప్రధానంగా ఆ నంబరుతోనే. కొత్త చట్రం వేస్తే ఆర్.సి.లో ఆ మార్పు నమోదు కావాలి, లేనిపక్షంలో బండి యజమాని ఒక నంబరుగల కాగితాన్ని, మరో నంబరుగల ఇనుమును కలిగి ఉన్న అనుమానాస్పద వ్యక్తి అవుతాడు.

బీమా ప్రకరణంలో యజమానికి కలిగే మొదటి ఆశ్చర్యం తన పాలసీని తొలిసారి చదవడం వల్ల కలుగుతుంది. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమాను కొనుగోలు సమయంలోనే తీసుకోవడం తప్పనిసరి అయింది. థర్డ్ పార్టీ అనగా బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించినది. స్వంత బండికి కలిగే నష్టాన్ని భరించేది ఓన్ డ్యామేజ్ అనే వేరు భాగం, అది చాలా సందర్భాలలో మొదటి ఏడాదికి మాత్రమే ఉంటుంది. షోరూములో పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి తాళం ఇచ్చిన రోజున “అయిదేండ్లు ఫికర్ లేదు సార్” అని విన్న యజమాని, రెండవ ఏట నుండి తన బండి ఛాసిస్‌కు దేవుళ్ళు తప్ప దిక్కులేదన్న సంగతిని మూడవ ఏట, మేక పుణ్యమా అని తెలుసుకుంటాడు. విచిత్రమేమంటే అదే కాగితం చనిపోయిన మేక విషయంలో మాత్రం ఆయనను ఆదుకోవడానికి ఇప్పటికీ సిద్ధంగా ఉంది, ఆయన రాతపూర్వక అనుమతి షరతును ఉల్లంఘించి డబ్బు కట్టేయకపోయి ఉంటే.

ఓన్ డ్యామేజ్‌ను ఏటేటా పునరుద్ధరించుకున్న అరుదైన వివేకి విషయంలో సర్వేయరు ప్రవేశిస్తాడు. సర్వేయరు అనగా నష్టాన్ని అంచనా కట్టడానికి లైసెన్సు పొందిన నిపుణుడు. ఆయన వచ్చేవరకు మరమ్మతు మొదలుపెట్టరాదు, వచ్చిన తరువాత ఆయన ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని, నలువైపులా ఫొటోలు తీసి, “బండి మీద ఎంతమంది ఉన్నారు?” అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు దంపతులు ఒకే సమయంలో రెండు వేర్వేరు సంఖ్యలు చెప్పడం ఆనవాయితీ. తరువాత తరుగుదల లెక్క వస్తుంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ నుండి కొనసాగుతున్న పట్టిక ప్రకారం రబ్బరు, ప్లాస్టిక్కు, టైర్లు, బ్యాటరీల వెలలో సగం యజమానిదే. లోహపు భాగాలకు ఆరునెలల లోపు కోత లేదు, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళు నిండని బండికి 25 శాతం కోత. ఉదాహరణకు చట్రం ధర 12,000 రూపాయలైతే అందులో 3,000 యజమాని భరించాలి. గద్దెల దగ్గర బెల్లం సైతం బంగారంగా లెక్కకు వచ్చిన ప్రాంతం నుండి వచ్చినవాడికి, ఉక్కు సైతం ఏడాదికేడాది కరిగిపోయే ఈ తూకం జీర్ణం కావడం కష్టమే. నిల్ డిప్ అనే అదనపు రక్షణకు ప్రీమియం కట్టినవారికి మాత్రం ఈ కోత వర్తించదు. పడిన చోటు నుండి బండిని వర్క్‌షాపుకు చేర్చడానికి ప్రామాణిక పాలసీ ద్విచక్ర వాహనానికి ఇచ్చేది గరిష్ఠంగా 300 రూపాయలు. జాతర రోజులలో ఆ మొత్తానికి ట్రాలీ ఆటోవాడు బండివైపు చూడడానికైనా ఒప్పుకుంటాడా అన్నది సందేహమే.

మరమ్మతు ఖర్చు మరీ పెరిగితే టోటల్ లాస్ అనే సిద్ధాంతం అమలులోకి వస్తుంది. పాలసీ కాలానికి బండి విలువగా ముందే నిర్ణయించిన మొత్తాన్ని ఐడీవీ అంటారు. తయారీదారు ప్రకటించిన ధర 80,000 రూపాయలనుకుంటే, నాలుగవ ఏట 40 శాతం తరుగుదలతో అది 48,000 అవుతుంది. మరమ్మతు ఖర్చు దీనిలో 75 శాతాన్ని, అనగా 36,000 రూపాయలను దాటితే బండి బతికి ఉన్నా పోయినట్లే పరిగణించబడుతుంది. ఫ్రేము, ఫోర్కులు, టీ, ముందు రిమ్ము, ట్యాంకు కలిసి ఈ గీతను చేరడానికి పెద్ద ప్రమాదం అక్కరలేదు. అప్పుడు యజమాని ఐడీవీ తీసుకుని రిజిస్ట్రేషను రద్దుచేయించుకోవాలి. పనికిరాకుండా పోయిన బండి సంగతిని 14 రోజులలో రవాణా అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతుంది. వర్క్‌షాపు ముందు స్టాండు మీద నిలబడి, కిక్కు కొట్టగానే స్టార్టయ్యే బండిని చనిపోయినట్లు ప్రకటించమని కోరినప్పుడు, దానికి ప్రతి దసరాకు ఆయుధపూజ చేసిన కుటుంబం ఎంతమాత్రమూ అంగీకరించదు.

లెక్క నచ్చనివారు మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఒక నెలలో జవాబు రాకున్నా, వచ్చినది నచ్చకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు. అయితే ఆచరణలో ఎక్కువమంది ఆశ్రయించేది చెట్టు, గొలుసు, జాకీ గల ఆ మెకానిక్కునే. ఆయన లాగి, అతికి, పైన నల్లరంగు పూసిన తరువాత బండి మరికొన్నాళ్ళు నడుస్తుంది. నడిపేవాడు తెలియకుండానే కుడిభుజం కొంచెం ముందుకు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకుంటాడు. చివరకు పొరుగు జిల్లా నుండి ఒకాయన బేరానికి వస్తాడు. టైర్లను కాలితో తన్ని, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి పొగ చూసి, సీటు లేపి చూసి, ఊరి చివర వరకు ఒక రౌండు వేసి వచ్చి, హెడ్ పైప్ వైపు ఒక్కసారైనా వంగకుండా హారన్ గట్టిగా నొక్కి, అది బాగానే మోగుతున్నదని తృప్తిపడి, అద్దం మీద గీత ఉన్నది కనుక రెండు వేలు తగ్గించమంటాడు.