ఎనిమిదితో భాగించడం చెప్పరేం?

నేను తంతి ఆఫీసులో చేరిన కొత్తలో టెలీప్రింటర్ మీద చెయ్యి వేయనిచ్చే ముందు లెక్క నేర్పారు. మెషిన్ వేగం 50 బాడ్, అంటే సెకనుకు 50 సంకేతాలు. ఫ్రాన్సులో ఎమిల్ బోదో అనే తంతి ఇంజినీరు ఉండేవాడు, ఆయన పేరు మీదే ఆ కొలత. ఒక్కో అక్షరానికి అయిదు సంకేతాలు, ముందు స్టార్టు ఒకటి, వెనక స్టాపు ఒకటిన్నర, వెరసి ఏడున్నర. ఆ లెక్కన నిమిషానికి 400 అక్షరాలు. మాటకు ఖాళీతో కలిపి ఆరు అక్షరాలు వేసుకుంటే 66 మాటలు. మా సూపర్‌వైజరు గారు అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా తడుముకోకుండా చెప్పాలి.

చెప్పేవాళ్లం కూడా. చిల్లుల టేపు మీద అంగుళానికి పది అక్షరాలు పడతాయి. మూరెడు టేపు మిగిలిందంటే 180 అక్షరాలు, 27 సెకన్ల పని. పక్క సీటాయన "లైను ఎప్పుడు ఖాళీ అవుతుందోయ్?" అంటే టేపును మోచేతి దాకా లాగి చూసి చెప్పేసేవాళ్లం. గడియారం చూడనక్కర్లేదు.

ఇప్పుడో? మొన్న మా అబ్బాయి అమెరికా నుంచి గృహప్రవేశం వీడియో పంపాడు. మూడు జీబీ. మా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని, "తాతయ్యా, మనది వంద ఎంబీ స్పీడు కదా, అర నిమిషంలో వచ్చేస్తుంది" అంది. నాలుగు నిమిషాలు దాటింది. తెర మీద సెకనుకు 11 ఎంబీ పైచిలుకే కనిపిస్తోంది. కనెక్షన్ ఇచ్చిన వాళ్లు మోసం చేశారని ఫోన్ చేసి గొడవ పెట్టుకుంది.

లైనులో ఏ లోపమూ లేదు. వాళ్లు అమ్మింది సెకనుకు వంద మెగాబిట్లు. తెర చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, దారి ఖర్చులు పోతే పదకొండూ చిల్లర. ఈ ముక్క కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. నా కోపమంతా అందుకే.

ఇంగ్లీషులో కనీసం చిన్న బి, పెద్ద బి అని తేడా ఉంది. మన లిపిలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం లేవు. ఎంబీపీఎస్ అని రాశామంటే అది బిట్టో బైటో చదివేవాడికి తెలిసే దారే లేదు. నోటితో చెప్పినా అంతే, రెండూ బీలే. మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాయడానికి ప్రకటనల్లో చోటు చాలదా? సినిమావాళ్ల బొమ్మలకు మాత్రం సగం పేజీ ఇస్తారు!

మా అమ్మ బడికి వెళ్లలేదు. కుంచానికి ఎనిమిది తవ్వలని ఆవిడకు తెలుసు. తవ్వల్లో ధర చెప్పి కుంచాల్లో కొలిచినట్టు నటించే కొట్టువాణ్ణి గుమ్మం కూడా ఎక్కనిచ్చేది కాదు.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడు ఫోను లైను మీద 9,600 బిట్ల వేగమంటే గొప్ప. మోడెంలో కూడా అక్షరానికి స్టార్టు, స్టాపు కలిపి పది బిట్లు పోయేవి కాబట్టి పదితో భాగించి సెకనుకు 960 అక్షరాలనుకునేవాళ్లం. వాడేవాళ్లు తక్కువే గానీ అందరికీ ఆ లెక్క వచ్చు.

మనవరాలి ఫోనుకు మర్నాడు కంపెనీ కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లుండవు. స్పీడు టెస్టు పెట్టి "94 వస్తోంది సార్, బాగానే ఉంది" అన్నాడు. మరి తెర మీద 11 ఏమిటని అడిగితే బిక్కమొహం వేశాడు. వాడి తప్పేముంది? నిచ్చెన, వైరు చేతికిచ్చి పంపారు గానీ లెక్క చెప్పలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పాత క్యాలెండరు కాగితం వెనక వేసి చూపించాను.

కాసేపు చూసి, "అయితే సార్, 300 ప్లాను వాళ్లకి?" అన్నాడు.

"నువ్వే చెప్పు నాయనా" అన్నాను.

పెదాలు కదుపుతూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ముప్పై ఏడున్నర" అన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.