కుక్క ఉన్నది జాగ్రత్త

నేను రేకు ముక్కని. ఎర్రరంగు మీద తెల్లటి మూడు మాటలు, పైన ఓ కుక్క తలకాయ. 1974లో విజయనగరం కంటోన్మెంటులో ఒక ప్లీడరు గారి గేటుకి నన్ను వేలాడదీసేరు. అప్పటికి విజయనగరం జిల్లాయే లేదు, ఉత్తరాల మీద విశాఖపట్నం జిల్లా అని రాసేవారు. 1979 జూన్ 1న కొత్త జిల్లా పుట్టి ఇంటి అడ్రసు మారింది గానీ నా మీది మాటలు మారలేదు. మారినవల్లా నా వెనక తిరిగిన కుక్కలు, నా ముందు నిలబడి చదివిన మొహాలు. నా చూపెప్పుడూ వీధివైపే కాబట్టి కుక్కల్ని చప్పుళ్లతోనే ఎరుగుదును. మనుషుల్ని మాత్రం కళ్లారా చూసేను. ఇక లోకజ్ఞానమంటారా, ప్లీడరు గారు వరండాలో కూర్చుని పేపరు పైకి చదివేవారు. ఆయన పోయేక మనవరాలు ఫోనులో చూసి వాళ్ల మామ్మకి చదివి వినిపిస్తోంది.

మొదటివాడు టైగర్, అల్సేషియన్. కోర్టులో ఓడిపోయినవాళ్లు ఇంటి మీదికొస్తారేమోనని ప్లీడరు గారు విశాఖ నుంచి తెచ్చేరు. వచ్చినవాళ్లు నన్ను చదవడం పూర్తి కాకుండానే "ఇది తోడేలు రకమటరా" అని గొంతు తగ్గించేవారు. ఆ పుకారు మా వీధిలో పుట్టింది కాదు. గొర్రెల కాపరుల దగ్గరుండే కుక్కల్ని ఏరి, 1899లో స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఈ జాతిని నిలబెట్టేడు. పేరు జర్మన్ షెపర్డ్. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఇంగ్లండులో జర్మన్ అన్న మాటే గిట్టకపోతే అల్సేషియన్ ఉల్ఫ్ డాగ్ అని మార్చేరు. శత్రువు పేరు పోయి తోడేలు పేరు వచ్చింది. ఏది నయమో చెప్పలేను. ఆస్ట్రేలియావాళ్లయితే, అక్కడి డింగోలతో కలిసి గొర్రెల్ని తినే సంతానాన్ని కంటుందని భయపడి 1929లో దిగుమతే ఆపేసేరు. ఆ నిషేధం పూర్తిగా తొలగడానికి 1970లు రావలసి వచ్చింది. ఆపాటికి మన దగ్గర అదే కుక్క పోలీసువారి పక్కన దర్జాగా నడుస్తోంది. మా టైగర్ సంగతంటారా, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి బాణసంచా మొదలైతే మంచం కిందికి దూరి మర్నాటిదాకా బైటికి వచ్చేవాడు కాదు. ఇది ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు.

తరవాత డాబర్‌మ్యాన్. సినిమాల్లో విలన్ బంగళా గేటు తెరిస్తే గొలుసులు తెంపుకుంటూ కనబడే రకం. దాని మెదడు పెరిగి పెరిగి పుర్రెలో పట్టక, పిచ్చెక్కి యజమానినే చంపేస్తుందని ఒక కథ ఊళ్లో తిరిగింది. మా ఇంటికొచ్చిన పశువుల డాక్టరు అది విని నవ్వి, "పుర్రె పెరగదా ఏంటండీ మెదడుతో పాటు" అన్నాడు. ఇంటిపన్ను బిల్ కలెక్టరు మాత్రం నవ్వలేదు. గేటు బైటే నిలబడి "బాబుగోరూ, కుక్కని కట్టీసినారా?" అని కేకేసి, ఎవరూ పలక్కపోతే వెళ్లిపోయేవాడు. ఆ జాతిని తయారుచేసింది జర్మనీలో అపోల్డా ఊళ్లో పన్నులు వసూలు చేసుకునే లూయీ డాబర్‌మన్. బాకీల కోసం ఊరు తిరిగేటప్పుడు తోడుంటుందని పెంచుకున్నాడట. పన్నులాయన కుక్క పన్నులాయన్నే గేటు దాటనివ్వలేదు.

(ఇదే కాలంలో, 1989లో, మన్యంలో నక్సలైట్లని వెతకడానికి పోలీసులు గ్రేహౌండ్స్ దళం పెట్టేరు. సాలూరు, పార్వతీపురం వైపునించి వచ్చే కక్షిదార్లు ఆ పేరొస్తే మాట మార్చేసేవారు. గ్రేహౌండ్ కుక్క మటుకు ఉత్త సాధువని ప్లీడరు గారు చెప్పబోతే వినేవాడు లేడు.)

నా అరవై డెబ్భై గజాల సామ్రాజ్యంలో నిజంగా కరిచిందెవరో చెప్పనా? తెల్లటి పొమేరియన్. మనవాళ్లు పొమేరియన్ అనేది నిజానికి ఇండియన్ స్పిట్జ్. 1994లో ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ సినిమాలో టఫీని చూసేక అది లేని ఇల్లు ఇల్లు కాదన్నట్టయింది. పాలామె గేటు తోసుకుని లోపలికొస్తూ నన్ను చూసి పకపకా నవ్వింది. "ఈ దూదుండకేటమ్మా బోర్డు? పిల్లి నయం." నవ్వు ఆగకముందే మడమ పట్టుకుంది. చిన్నకుక్క కదా అని ఆమె సున్నం రాసుకుని వెళ్లిపోతానంది. అమ్మగారు ఒప్పుకోలేదు. కుళాయి కింద కూర్చోబెట్టి సబ్బుతో చాలాసేపు కడిగించి, రిక్షా ఎక్కించి ఆస్పత్రికి పంపేరు. ఆ రోజుల్లో సర్కారు ఆస్పత్రిలో బొడ్డు చుట్టూ పొడిచేవారు, పద్నాలుగు దాకా. డేవిడ్ సెంపుల్ అనే ఆయన కసౌలీలో 1911లో కనిపెట్టిన పద్ధతిలో తయారుచేసే గొర్రెమెదడు మందు. దాన్ని మన దేశంలో 2004 చివరికి గాని మానలేదు. ఇప్పుడు చేతికే, నాలుగైదు సూదులు. పాలామె మళ్లీ పాలు పోసింది గానీ గేటు దాటలేదు.

ఆమె నవ్విన ఆ స్పిట్జ్ అంటేనే 1870ల్లో న్యూయార్కులో జనానికి హడలు. పిచ్చికుక్క వ్యాధి తెచ్చేదల్లా అదేనని పేపర్లు రాసేయి, చంపేయమన్నారు. లూయీ పాస్టర్ 1885లో జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడికి మొదటి టీకా వేసేడు. రేబిస్ జాతి చూడదు. టీకా పడిందా లేదా అన్నదే చూస్తుంది. ఇంత చిన్న సంగతి నా మీద రాసుంటే బాగుండేది. మూడు మాటలకే డబ్బిచ్చేరు.

2003లో హచ్ ఫోను ప్రకటన వచ్చి ఊరంతా పగ్‌ల మీద పడింది, మావాళ్లు లాబ్రడార్ తెచ్చుకున్నారు. చెప్పుకోవలసిందేమీ జరగలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి గేటుతో సహా కూలేను. ‘జాగ్రత్త’లో ఒక వత్తు ఊడిపోయింది.

బ్రూనో దగ్గర మాత్రం ఆగాలి. కరోనా రోజుల్లో ప్లీడరు గారి కొడుకు బెంగళూరు నుంచి ఇంటి దగ్గరే పనిచేసుకుంటానని వచ్చి తెచ్చిన రాట్‌వీలర్. జర్మనీలో రాట్‌వైల్ ఊరి కసాయివాళ్ల బళ్లు లాగిన కుక్కల సంతానం. పెద్ద తలకాయ, బరువైన అడుగు. పక్కింటి పిల్లలు గేటు కమ్మీల్లోంచి బిస్కట్లు అందించేవారు. 2022 జులైలో లక్నోలో ఒక పిట్‌బుల్ తనని పెంచిన పెద్దావిణ్ణే చంపేసింది. ఆ వార్త ఫోన్లలో తిరిగిన మర్నాటి నుంచి బిస్కట్లు ఆగిపోయేయి. పిల్లల్ని అవతలి వైపు నడిపించుకుని వెళ్లేవారు. వాళ్లని తప్పుపట్టను. పొమేరియన్ గాటు వేరు, ఆ దవడ వేరు. అంత బలమున్నవాణ్ణి తెచ్చుకునేవాళ్లు వాడికి మనుషుల్ని అలవాటు చెయ్యాలి, చేతిలో తాడు ఉండాలి. ఈ ఇంట్లో ఆ రెండూ ఉండేవి. వీధికి అదెలా తెలుస్తుంది? వీధికి కనబడేది నేనే కదా.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి రాష్ట్రాలకి కాగితం వచ్చింది. 23 రకాల కుక్కలు మనుషుల ప్రాణానికి ప్రమాదం. తేకూడదు, అమ్మకూడదు, పిల్లలు పుట్టించకూడదు. ఉన్నవాటికి ఆపరేషన్ చేయించాలి. రాట్‌వీలర్ ఉంది. మనవరాలు జాబితా మొత్తం చదివింది. టోసా ఇను అని ఒకచోట, జపనీస్ టోసా అని ఇంకోచోట, రెండూ ఒకటే కుక్క. టెర్రియర్లు అని ఇంకో మాట, ఏ టెర్రియరో లేదు. అది విని నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే నన్ను రాసిన పెయింటరు బొమ్మకి నమూనా ఏదీ దొరక్క, గ్రామఫోను ప్లేటు మీద బాకా ముందు చెవొగ్గి కూర్చునే కుక్కని చూసి వేసేడు. ఆ కుక్క నిప్పర్, ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరిది, టెర్రియర్ రక్తం. పాట వింటున్న జీవికి మావాడు రెండు కోరలు పెట్టి క్రూరజంతువుని చేసేడు. యాభయ్యేళ్ల తరవాత సర్కారూ అదే చేసింది. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు, అదే నెలలో ఢిల్లీ హైకోర్టు, సంబంధించినవాళ్లని అడక్కుండా ఇచ్చేరంటూ ఆ కాగితాన్ని కొట్టేసేయి.

కానీ ఆ నెలరోజులూ చాలు. కేసులేమన్నా పెడతారేమోనని మావాళ్లు బ్రూనోని పలాసలో చుట్టాల జీడిపప్పు గోడౌనుకి పంపేసేరు. అక్కడ పగలల్లా కురచ గొలుసు, రాత్రి విప్పి గేటు మూసేస్తారు. హమాలీలు కర్ర చూపించి పోతారట. మొన్న వాళ్లు ఫోను చేసి, "మీ కుక్క ఇప్పుడు పనికొచ్చింది, ఎవళ్లనీ దగ్గరికి రానివ్వట్లేదు" అని మెచ్చుకున్నారు. మామ్మ ఫోను పెట్టేసి చాలాసేపు ఏమీ అనలేదు.

ఈలోగా భయం ఇల్లు మారింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లాణ్ణి చంపేసేక, జాతికుక్కని చూసి తప్పుకునేవాళ్లు గంజికుక్కని చూసి రాయి తీస్తున్నారు. కారుల్లో తిరిగేవాళ్లకి అది వార్త, నడిచి బడికెళ్లే పిల్లల తల్లులకి అది రోజూ ఉండే బెంగ. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. 22న ఆ మాట మార్చి, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివక్కడ వదలమంది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల దగ్గరివి మాత్రం తీసేయాలి, మళ్లీ అక్కడ వదలకూడదంది. మా వీధి మలుపులో బడి ఉంది. నా కింద ఓ నల్లటి ఆడకుక్క పడుకుంటుంది. చెవి అంచున ఆపరేషన్ గుర్తుగా చిన్న కోత. టీకా మామ్మే వేయించింది.

ఓ పొద్దున్న బండొచ్చింది. వలవాడు నల్లదాన్ని చూసి వంగేడు. మామ్మ గేటు దగ్గరికొచ్చింది.

"అది మాదే నాయనా."

"ఈది కుక్కనాగుందమ్మా ఇది?"

"గేటు మీద రాసింది కనబడలేదా? చదువుకో."

వాడు నా వైపు చూసి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. కోరల బొమ్మ చూసేడు. కిందకి చూసేడు. నల్లది ఆవులించింది.

"అయితే ఇది కరుస్తాదేటమ్మా?"

"లేకపోతే బోర్డెందుకు పెడతాం?" అంది మామ్మ.

వాడు వల మడిచి చంకలో పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసేడు.