‘ఆరొందలు లాగబాక’: టీకా తాత్పర్యము

మూలము:
“అబ్బయా! పొద్దెక్కకముందే కట్ట కిందికి దిగు. ఆరొందలు లాగబాక, నాలుగొందల్లో పట్టు. కన్ను మెరిస్తే నొక్కు. లేస్తే వదిలెయ్.”

అవతారిక: బిట్రగుంట నెల్లూరుకు ఉత్తరాన, కావలికి దక్షిణాన ఉన్న రైల్వే ఊరు. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డుతో వెలిగింది. ఊరి పేరులోనే గుంట ఉంది కనుక నీటి పిట్టల ప్రసక్తికి వేరే సమర్థన అక్కర్లేదు. తూర్పున సరుగుడు తోపులు, రొయ్యల గుంటలు, ఆపైన జువ్వలదిన్నె సముద్రం. ఈశాన్య రుతుపవనం కురిసి చెరువులు నిండాక కొంగలూ ఉల్లంకులూ దిగుతాయి, వాటి వెనకే కెమెరాలు దిగుతాయి. వక్త, చేతులు కాలిన పెద్దమనిషి. శ్రోత, నెల కిందట కంతుల మీద 150–600 మిల్లీమీటర్ల జూమ్ కొన్న యువకుడు. తెల్లవారుజామున చెరువు గట్టున చేసిన ఉపదేశమిది.

టీక: ‘అబ్బయా’ నెల్లూరు సీమ సంబోధన. ఇందులో చనువూ ఉంది, ‘నీకింకా తెలియదు’ అన్న సూచనా ఉంది.

‘పొద్దెక్కకముందే’ అనగా తొమ్మిది గంటలలోపు. వెలుగు ఏటవాలుగా పడి ఈకల పోగులు విడివిడిగా కనిపించే వేళ అని సామాన్యార్థం. విశేషార్థం వేరు. ఎండ ముదిరితే ఇసుకా, రైలుకట్ట కంకరా, గుంటల గట్లూ కాగుతాయి. వాటి మీది వేడిగాలి, పై పొరల్లోని చల్లగాలి కాంతిని ఒక్క తీరుగా వంచవు. మామూలు కంటికి అది ఎండమావి మినుకు. వంద మీటర్ల గాలిని పిండి ఒక్క బొమ్మలో పెట్టే లెన్సుకు అదే పెద్ద జబ్బు. పిట్ట కన్ను పిండిముద్దలా వస్తుంది. ఇది గాలి దోషమని తెలియక కొత్త లెన్సును రిపేరుకు పంపినవాళ్లున్నారు. రెండు లక్షల లెన్సుకైనా ఈ రోగానికి మందు లేదు. ఉన్న మందల్లా పొద్దున్నే లేవడం.

‘కట్ట కిందికి దిగు’: కట్ట మీద నిలబడ్డ మనిషి ఆకాశానికి అడ్డంగా తాటిబోదెలా కనిపిస్తాడు. పక్కనే మెయిన్ లైనులో గూడ్సు బండి దడదడలాడుతూ పోయినా తల తిప్పని తెల్లకొంగ, కట్ట మీద మనిషి తల లేవగానే తానూ లేస్తుంది. రైలు తన దారి తప్పదని దానికి తెలుసు, మనిషి సంగతీ తెలుసు. కిందికి దిగితే లెన్సు పిట్ట కంటి ఎత్తుకు వస్తుంది. వెనకున్న గట్టు దూరమై మసకబారుతుంది, పిట్ట ఒక్కటే విడిగా నిలుస్తుంది. ‘ఏ కట్ట?’ అని శంక. పొద్దుటి పూటకు తూర్పు కట్ట అని సమాధానం, సూర్యుడు వీపున ఉండాలి కనుక. సర్కారు తుమ్మ ముళ్ల గురించి మూలకారుడు మౌనం వహించాడు. అనుభవం చెప్పేదాన్ని సూత్రం చెప్పనక్కర్లేదు.

‘ఆరొందలు’: 600 మిల్లీమీటర్ల నాభ్యంతరం. వాడుకలో టెలిఫోటో, జూమ్ ఒకటే అయిపోయాయి గానీ శాస్త్రంలో రెండూ వేరు. నాభ్యంతరం కంటే లెన్సు పొడవు తక్కువ ఉండేలా కట్టినది టెలిఫోటో. ఇంగ్లండులో థామస్ డాల్మెయర్ 1891లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నాభ్యంతరం మారేది జూమ్. యువకుడి చేతిలోనిది రెండూ. బరువు రెండు కిలోల చిల్లర.

‘లాగబాక’: లాగవద్దు. ‘బాక’ నెల్లూరు వ్యతిరేక విధ్యర్థకం. పోబాక, చెప్పబాక, ఏడవబాక అన్నవి ఉదాహరణలు. ‘ఆరొందలు కొనబాక’ అని పాఠాంతరం. ఇది కంతులు కట్టే ఇళ్లలో పెద్దల నోట వినబడుతుంది. ఆ పాఠానికి వ్యాఖ్య అవసరం లేదు.

ఇక్కడ పూర్వపక్షం: ‘ఆరొందలున్న లెన్సు కొని నాలుగొందల్లో ఆగడమెందుకు? ఇడ్లీకి డబ్బిచ్చి చట్నీ తిని లేవడం కాదా?’ సమాధానం చూడండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 600 దగ్గర కనిపించే మేర మూలనుంచి మూలకు సుమారు 4 డిగ్రీలు, 400 దగ్గర 6, 150 దగ్గర 16. నాలుగు డిగ్రీల్లో ఎగిరే పిట్టను వెతకడం బొంగులోంచి గాలిపటాన్ని వెతకడమే. ముందు తక్కువలో పట్టి, ఫోకస్ కుదిరాక లాగాలి. ‘లాగబాక’ అన్న నిషేధం మొదటి క్షణానికే గాని ఆసాంతానికి కాదు. పైగా ఈ తరగతి జూముల్లో చాలావాటికి చివరి కొస కాస్త మెత్తన. వెలుతురు ద్వారం కూడా అక్కడ ఎఫ్/6.3కి కుంచించుకుపోతుంది.

లెక్క చూస్తే ఇంకొకటి తేలుతుంది. చిన్న లకుముకి పిట్ట 17 సెంటీమీటర్లు. ఇరవై మీటర్ల దూరాన 600లో దాని బొమ్మ సెన్సరు మీద 5 మిల్లీమీటర్లు. సెన్సరు ఎత్తు 24. అంటే లక్షలు పోసినా పిట్ట ఫ్రేములో ఐదోవంతే. పది మీటర్లు ముందుకు పాకితే అదే లెన్సు 1200 చేసే పని చేస్తుంది, మధ్యనున్న గాలి కూడా సగమవుతుంది. జూమ్ బొమ్మను పెంచుతుంది గాని దూరాన్ని తగ్గించదు. దూరాన్ని తగ్గించేవి మోకాళ్లు.

‘పట్టు’: ఫోకస్ పట్టు అని వాచ్యార్థం, చెయ్యి పట్టు అని ధ్వని. రెండు కిలోలు పది నిమిషాలు ఎత్తిపట్టుకుంటే భుజం వణుకుతుంది. ఇందుకు పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒక కొస కుట్టి, వడ్లు నింపి, రెండో కొసా కుట్టి, గట్టు రాయి మీదో కారు కిటికీ మీదో వేసి లెన్సు ఆనిస్తారు. చేతికందే ఇసుక ఎందుకు పోయరాదంటే, కుట్టు సందుల్లోంచి సన్న ఇసుక రాలి జూమ్ గొట్టంలోకి చేరి గరగరమంటుంది. లెన్సులోని స్థిరీకరణ చేతి వణుకుకు మందు, రెక్కల కదలికకు కాదు. కూర్చున్న పిట్టకు సెకనులో 500వ వంతు చాలు. ఎగిరేదానికి 2000వ వంతు కావాలి.

‘కన్ను మెరిస్తే’: ఇక్కడ శ్లేష. పిట్ట కంటిలో వెలుగు చుక్క పడితే అని ఒకటి, కెమెరా తెర మీద కంటిని గుర్తించిన చిన్న గడి వెలిగితే అని ఒకటి. ‘కన్ను’ అన్నాడు గాని ‘ఒళ్లు’ అనలేదు, గమనించాలి. పచ్చటి వరిమడిలో తెల్లకొంగ ఉంటే, చుట్టూ ఉన్న ముదురురంగును చూసి కెమెరా వెలుతురు పెంచుతుంది. కొంగ ఒళ్లంతా మెరిసి, ఈకలన్నవి లేకుండా సున్నం ముద్ద అవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజరు ఒక మెట్టు దించాలి. అదే కొంగ తెల్లటి ఆకాశంలో ఎగిరితే వ్యవహారం తలకిందులు, ఒక మెట్టు పెంచాలి.

‘నొక్కు’: ఏకవచనమే ప్రమాణమని ఒక వర్గం. వేలు తీయకుండా సెకనుకు ఇరవై కురిపించాలని రెండో వర్గం. రెండో వర్గంవారు పొద్దున రెండు వేలు తీసి, రాత్రి భోజనం మానుకుని పందొమ్మిది వందల తొంభై చెరిపేస్తారు. మొదటి వర్గంవారికి ఆ శ్రమ లేదు, ఒక్కోసారి ఫొటో కూడా ఉండదు.

‘లేస్తే వదిలెయ్’: మూలంలో అతి చిన్నదీ, అతి గట్టిదీ ఇదే. లేచిన పిట్టను మడి నుంచి మడికి తరిమితే దాని మేత పోతుంది. గూటి మీద ఉన్నప్పుడైతే పాపం ఇంకా పెద్దది. సూళ్లూరుపేట దారిలో నేలపట్టు చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. తల్లి లేస్తే గుడ్లు ఎండకు కాగుతాయి, కాకి చూసిందంటే అవీ దక్కవు. అభయారణ్యంలో ఫొటో తీయాలన్నా అనుమతి కావాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది.

విశేషము: తెలుగులో ఫొటోనూ ‘తీస్తారు’, ప్రాణాన్నీ ‘తీస్తారు’. ఒకప్పుడు రెండు పనులూ ఒకటే. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డాన్, యానాదులను అడిగి పిట్టల పేర్లూ గుణాలూ రాసుకున్నాడు. ఆ కాలంలో పిట్టను గుర్తించడమంటే తుపాకీతో కొట్టి చర్మం దాచడమే. ఆయన పేరిట 1848లో నమోదైన కలివికోడి, 1900 తరువాత కనబడక, అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అప్పుడు చేతికి చిక్కిన పిట్ట బతకలేదు. అది రాత్రి తిరిగే పక్షి, జూముకు లొంగదు. తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూసి, తనంతట తాను నొక్కుకునే కెమెరాలు పెట్టి దాని ఉనికి పట్టారు. పిట్ట వచ్చిందీ పోయిందీ మనిషి చూడనే లేదు. ‘వదిలెయ్’ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నెల్లూరు, కడప సీమల్లో లేదు.

తాత్పర్యము: పెందలాడే వచ్చి, కిందికి దిగి, దగ్గరికి జరిగి, తక్కువలో పట్టి ఎక్కువకు లాగి, కన్ను కుదిరినప్పుడు నొక్కి, పిట్ట పోతానంటే పోనివ్వమని భావము.

అనుబంధము: మూలంలో ఫలశ్రుతి లేదు. ఇంటికి చేరాక చేయవలసింది కూడా లేదు కనుక ఇక్కడ చేర్చడమైనది. లాగినప్పుడల్లా జూమ్ గొట్టం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. జువ్వలదిన్నె గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. లెన్సును తుడిచి, సిలికా జెల్ పొట్లంతో మూతబిగువైన డబ్బాలో పెట్టాలి. సంచితో సహా బీరువాలో తోస్తే, మళ్లీ కొంగలు దిగే నాటికి అద్దం లోపల బూజు పట్టి ఉంటుంది.