పరామర్శ కేకు

మన ఇళ్ళలో మామిడిపండు తినడానికి, అరటిపండు తాంబూలానికి, కొబ్బరికాయ దేవుడికి. యాపిల్ మాత్రం పరామర్శకి. ఒంట్లో బాగున్న మనిషి తనకోసం తాను యాపిల్ కొనుక్కు తినగా నేను పెద్దగా చూడలేదు. ఎవరైనా సంచిలో అరడజను యాపిల్స్‌తో మా సందులోకి తిరిగారంటే, ఆ సందులో ఎవరో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారని అర్థం.

కిందటేడు కార్తీకమాసానికి ముందు ఆ 'ఎవరో' నేనే అయ్యాను. హెర్నియా ఆపరేషను. గుండె ఆపరేషనుకున్న మర్యాద దీనికి లేదు. గుండె అయితే వచ్చినవాళ్ళు ఛాతీ వైపు చూసి తలాడిస్తారు. హెర్నియాకి ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూస్తారు. చూసి, "బరువులు మాత్రం ఎత్తకండి" అని గట్టిగా హెచ్చరించి, రెండు కిలోల యాపిల్ సంచి నా చేతిలో పెట్టి వెళ్తారు.

కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్ళు మీటరు రీడింగుల మధ్య బతికినవాణ్ణి. లెక్క రాయకపోతే నాకు నిద్ర పట్టదు. వియ్యాలవారు 12. మా యూనియన్ వాళ్ళు పదిమంది కలిసి 6. మా బావమరిది 5 - ఆరోది దారిలో తిన్నాడట, ఆకలేసి. ఇలా పదో రోజుకి పద్దు 53 దగ్గర తేలింది.

మా ఆవిడ తెలివిగా అందులో ఓ పది తీసుకెళ్ళి, కింద ఫ్లాటులో కాలు విరిగి పడుకున్నాయనకి ఇచ్చొచ్చింది. మూడోనాడు నా పాత సహోద్యోగి ఒకడు చూడ్డానికొచ్చాడు. వాడి సంచిలో పైనున్న కాయ మీద స్టిక్కరు సగం చిరిగి ఉంది. ఆ చింపింది మా మనవడు. కింద ఫ్లాటాయన, ఈ సహోద్యోగి స్వయానా తోడల్లుళ్ళు. మా యాపిల్స్ ఒక అంతస్తు దిగి, ఊరు చుట్టి, తీర్థయాత్ర ముగించుకుని క్షేమంగా ఇల్లు చేరాయి. పద్దు మళ్ళీ 53.

ఈలోగా ఫ్రిజ్‌లో వేరే కథ నడిచింది. యాపిల్ ఊరుకునే పండు కాదు. దానిలోంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది పక్కనున్న కాయల్ని కూడా పండిస్తుంది. మా దొండకాయలు లోపల ఎర్రబడ్డాయి. కొత్తిమీర పసుపు తిరిగింది. బల్ల మీద యాపిల్స్ పక్కన పెట్టిన చక్కెరకేళీలు పొద్దుటికి పచ్చివి, మర్నాటికి మచ్చలవి. "మీ కాయలు నా కూరలన్నీ పాడు చేస్తున్నాయండీ" అంది మా ఆవిడ, అవేవో నా పుట్టింటివాళ్ళు పంపినట్టు.

బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోనులో తీర్పు చెప్పింది. "నాన్నా, మసాలా యాపిల్ కేకు చేసేయండి. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడిపోతుంది." ఆ ఆఖరిమాట మీద అప్పుడే అనుమానపడాల్సింది.

అసలు ఈ కాయ చరిత్రే పరామర్శతో ముడిపడి ఉంది. మనం సిమ్లా యాపిల్ అని కొనే రెడ్ డెలిషియస్ పుట్టిల్లు అమెరికా. ఫిలడెల్ఫియాకి చెందిన శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ అనే కలవారి అబ్బాయి 1904లో కుష్ఠురోగులకి సేవ చేద్దామని మన దేశం వచ్చాడు. సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916లో ఆ మొక్కలు తెప్పించి నాటాడు. తర్వాత స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళాడు, హిందువై సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. రోగుల కోసం వచ్చిన మనిషి నాటిన కాయ కదా, మంచాన పడ్డవాళ్ళని వెతుక్కుంటూ వస్తుందంటే ఆశ్చర్యమేముంది?

సోమవారం మధ్యాహ్నం ముహూర్తం. కార్తీకం కాబట్టి గుడ్డు నిషిద్ధం. దాని బదులు పెరుగు, వంటసోడా. రెండు కప్పుల మైదా, ఒక కప్పు బెల్లంపొడి, అరకప్పు నూనె, ఒక కప్పు పెరుగు, చెంచాడు సోడా, మూడు యాపిల్స్ - ఇదీ అమ్మాయి చెప్పిన పట్టీ. కప్పంటే 240 మిల్లీలీటర్లని కూడా చెప్పింది. ఆ ముక్క నేను రాసుకున్నాను, మా ఆవిడ వినలేదు. నలభై ఏళ్ళుగా గిద్ద, సోల, గుప్పెడు, చిటికెడు తప్ప ఇంకో కొలత ఎరగని చెయ్యి అది. ఆ చేత్తో చేసిన పులిహోరకి ఇంతవరకూ వంక పెట్టినవాడు లేడు. మైదా రైస్ కుక్కరుతో వచ్చిన కప్పుతో కొలిచింది. అది 180. బెల్లం నా కాఫీ కప్పుతో కొలిచింది. అది ఎంతో ఆ కప్పు చేసినవాడికే తెలియాలి.

మసాలా పొడి నా వంతు. దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, చిన్న జాజికాయ ముక్క మిక్సీ చిన్న జారులో వేసి తిప్పాను. అదే జారులో పొద్దున మిరియాల చారుపొడి కొట్టారన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. కడిగే ఉంది, నిజమే. కానీ మిక్సీ జారు మనిషిలాంటిది. ఎన్నిసార్లు కడిగినా పాత వాసన మనసులో పెట్టుకుంటుంది.

పిండి కలిపాం. తురిమిన యాపిల్ కలిపాం. అప్పుడు గుర్తొచ్చింది, ఓవెన్ ఇంకా అటక మీదే ఉందని. దాన్ని కొన్న కొత్తలో రెండుసార్లు బ్రెడ్డు కాల్చి, తర్వాత బొమ్మల కొలువు బొమ్మలు దాచుకుంటున్నాం. నేను బరువులు ఎత్తకూడదు. బావమరిదికి ఫోను. వాడొచ్చి, ఓవెన్ దింపి, అందులోంచి దశావతారాల్నీ, చెట్టియార్ దంపతుల్నీ ఒక్కొక్కరినే బయటికి పంపేసరికి పావుగంట.

ఇక వైరు తగిలించాలి. ఇక్కడ మాత్రం నేను నిపుణుణ్ణి. ఓవెన్ 1500 వాట్లు, 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. వంటింటి గట్టు మీదున్నది చిన్న ప్లగ్గు, 6 ఆంపియర్లది. ససేమిరా కుదరదన్నాను. పెద్ద ప్లగ్గులు మా ఇంట్లో మూడే. ఒకటి పడగ్గదిలో ఏసీకి, ఒకటి స్నానాలగదిలో గీజరుకి, ఒకటి బాల్కనీలో వాషింగ్ మెషీనుకి. అందులో పరువైన చోటు చూసి వాషింగ్ మెషీను నెత్తిన ఓవెన్ పెట్టించాను. 180 డిగ్రీలకి పది నిమిషాలు ముందు వేడెక్కనివ్వాలి. మొత్తం మీద పిండి కలిపిన అరగంటకి గిన్నె లోపలికి వెళ్ళింది.

తప్పు అక్కడే జరిగిందని అమ్మాయి తర్వాత చెప్పింది. పెరుగులోని పులుపు తగలగానే సోడా బుడగలు వదలడం మొదలెడుతుంది. కేకుని పొంగించేది ఆ బుడగలే. కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. నేను ఆంపియర్ల మీద ఉపన్యాసం దంచుతున్నంతసేపూ బుడగలు ఒక్కొక్కటే సెలవు తీసుకుని వెళ్ళిపోయాయన్నమాట.

పావుగంటలో వాసన మొదలైంది. అమ్మాయి అన్నది అక్షరాలా నిజం, ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఇల్లే కాదు, బాల్కనీ కాబట్టి అపార్టుమెంటంతా. దాల్చినచెక్కా లవంగం కలిసి పొయ్యెక్కితే మన ముక్కుకి తెలిసిన అర్థం ఒక్కటే: ఆదివారం, మాంసం, పలావు. కానీ ఆ రోజు కార్తీక సోమవారం. పై అంతస్తులో బాల్కనీ తలుపు ఒకటి ధడాలున మూసుకుంది. కింద ఎవరో "ఎవరింట్లోరా బిర్యానీ?" అని పిల్లాణ్ణి అడిగారు, కోపంగానో ఆశగానో తెలియలేదు.

నాలుగింటికి ఎదురు ఫ్లాటు మామ్మగారు వచ్చారు. తలంటు జుట్టు ముడి, చేతిలో జపమాల, నక్షత్రాలు చూసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. "ఏమ్మాయ్, ఆయనకి ఆపరేషనయింది, బలానికి పెడుతున్నావు, కాదనను. ఈ ఒక్కరోజూ ఆగలేకపోయారా?" అన్నారు. మా ఆవిడ మొహం కందగడ్డయింది. మారుమాట్లాడకుండా ఆవిణ్ణి బాల్కనీకి తీసుకెళ్ళి ఓవెన్ తలుపు తీసి చూపించింది. నా లెక్కలో తలుపు తెరవడం అది నాలుగోసారి. మొదటి మూడూ నావే. సబ్‌స్టేషన్ తనిఖీలకి అలవాటుపడ్డ ప్రాణం. అలా తెరిచినప్పుడల్లా లోపలి వేడి పడిపోతుందని, ఇంకా గట్టిపడని కేకు నడుమ కుంగిపోతుందని కూడా అమ్మాయి తర్వాతే చెప్పింది. ఆ పిల్ల ఏదైనా తర్వాతే చెబుతుంది.

యాభై నిమిషాలకి కొత్త చీపురు నుంచి ఒక పుల్ల విరిచి, కడిగి, కేకులో గుచ్చి చూశాం. పిండి అంటకుండా వచ్చింది. కేకు దించాం. ఎర్రగా కాలింది, అంచులు నిలబడ్డాయి, నడుమ మాత్రం పుష్కరిణిలా గుంట. కొలతలన్నీ పాటించిన నాకు నోట మాట రాలేదు. ఏ కొలతా పాటించని మా ఆవిడ రెండు చెంచాల బెల్లం పాకం కాచి ఆ గుంటలో పోసింది. "ఇది ఇలాగే ఉండాలి" అంది.

చీకటి పడ్డాక, చుక్కలు చూసి, దీపం పెట్టి, మామ్మగారు పళ్ళెంతో సహా వచ్చారు. "ఇందులో గుడ్డు లేదుగా?" అని మూడుసార్లు అడిగి, "పండుతో చేసింది గనక ఫలాహారమే" అని తనకి తానే శాస్త్రం చెప్పుకుని, ఓ ముక్క నోట్లో వేసుకున్నారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు. "మిరియం తగులుతోందే! గొంతుకి హాయిగా ఉంది. ఎవరి ఆలోచన?" అన్నారు. నాదేనన్నాను. జారు సంగతి ఇప్పుడు మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి పద్దు చూసుకుంటే గుండె ఆగినంత పనైంది. ఇంత యాగీకీ ఖర్చయినవి మూడు కాయలు. మేం తిన్నవీ కుళ్ళినవీ పోను ఇంకా 33 ఉన్నాయి. అంటే పదకొండు కేకులు. చేశాం. రెండోదాన్నుంచి పిండి ఓవెన్ వేడెక్కాకే కలిపాం, తలుపు మీద చెయ్యి వెయ్యకుండా నన్ను వరండాలో కూర్చోబెట్టారు. గుంట పడలేదు. విచిత్రం, గుంటలో పాకం ఏదని అందరూ అడిగారు.

ఇంకో సంగతి కూడా పద్దులో తేలింది. ఆపరేషనైన పది రోజుల్లో మమ్మల్ని చూడ్డానికి ముప్పై ఒక్కమంది వచ్చారు. నేను లేచి తిరుగుతున్నానని తెలిశాక వారం రోజులు ఒక్కరూ రాలేదు. కేకు వాసన మొదలయ్యాక మళ్ళీ సాయంత్రాలు గుమ్మంలో చెప్పులు కనబడ్డాయి. కాలు విరిగినాయన కూడా కర్ర పట్టుకుని ఒక అంతస్తు ఎక్కి వచ్చాడు.

అందుచేత బంధుమిత్రులకి మనవి. మేం కులాసాగా ఉన్నప్పుడు కూడా రండి. చేతులూపుకుంటూ వచ్చినా ఏమీ అనుకోం. తీరా వట్టి చేతులతో రావడానికి మొహమాటమైతే అర కిలో మైదా తెండి. యాపిల్స్ మాత్రం వద్దు.