ఊపిరి నేర్పే బొమ్మ ఆత్మకథ

ఈ బొమ్మ పేరు నియోనటాలీ. కాపురం రంగారెడ్డి జిల్లా కొత్తూరు దగ్గర, బెంగళూరు హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక సర్కారు దవాఖానా లేబర్ రూమ్‌లో. నెత్తి మీదుగా శంషాబాద్ విమానాలు, బయట రోడ్డు మీద ఫ్యాక్టరీల లారీలు. ఆ ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన ఒడిశా, బిహార్ కుటుంబాల ఆడవాళ్లూ, చుట్టుపక్కల తండాల ఆడవాళ్లూ కాన్పుకి ఇక్కడికే వస్తారు. తన కథ తానే చెప్పుకోవాలని బొమ్మకి చాలాకాలంగా ఉంది.

దీని వంశం ఆటబొమ్మల వంశం. నార్వేలోని స్టవాంగర్ ఊళ్లో 1940లో ఆస్మండ్ లేర్డాల్ అనే ఆయన పెట్టిన కంపెనీ ఒకప్పుడు పిల్లల బొమ్మలు చేసేది. 1960లో అదే కంపెనీ, ఆగిన ఊపిరిని తిరిగి అందించడం నేర్పే రెససీ యాన్ అనే పెద్ద బొమ్మను తెచ్చింది. నియోనటాలీ 2010లో వచ్చింది. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించే పద్ధతిని మారుమూల ఆసుపత్రులకు చేర్చాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం అదే ఏడాది మొదలుపెట్టిన శిక్షణకు ఇది తోడు. ఖాళీగా ఉన్నప్పుడు మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లు నింపితే నిజం బిడ్డలా చేతికి బరువు తగులుతుంది. పక్కన రెండు రబ్బరు బుడ్డీలు. ఒకటి నొక్కితే బొడ్డుతాడు కొట్టుకుంటుంది, రెండోది నొక్కితే ఛాతీ కదులుతుంది.

నూరు మంది పిల్లలు పుడితే ఇంచుమించు పదిమందికి మొదటి ఊపిరికి ఎంతో కొంత సాయం కావాలి. వాళ్లలో చాలామందికి పొడిగుడ్డతో తుడిచి, వీపు నిమిరితే చాలు. కొద్దిమందికే బ్యాగ్, మాస్క్ పెట్టి గాలి ఊదాలి. అదీ పుట్టిన మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి చరిచే పాత అలవాటు బిడ్డకు చేటే తప్ప మేలు కాదు. మన దేశంలో నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009లో మొదలైంది ఈ పనులు నేర్పడానికే. శిక్షణ రెండు రోజులు. కానీ రెండు రోజులు సిస్టర్లను పంపితే ఇక్కడ డ్యూటీ ఎవరు చేయాలి? నేర్పే డాక్టరు ఊరూరికీ ఎలా వస్తారు?

అందుకే ఫోన్ తెర మీద వీడియో పాఠం. దూరం నుంచి వైద్యం అందించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చిలోనే ఉపగ్రహం సాయంతో టెలిమెడిసిన్ మొదలైంది. 2010లో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. బిడ్డకు ఊపిరి అందించే పద్ధతిని కొందరు నర్సులకు తరగతి గదిలో, కొందరికి తెర మీద నేర్పి పోల్చి చూస్తే, రెండు గుంపులూ ఇంచుమించు సమానంగా నేర్చుకున్నాయి. ఆ తర్వాత కరోనా వచ్చి వీడియో క్లాసును అందరికీ అలవాటు చేసింది.

ఆ క్లాసు ఎలా సాగుతుందో బల్ల మీద పడుకున్న బొమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సెలైన్ సీసాకి ఆనించిన ఫోన్‌లో పిల్లల డాక్టరమ్మ. బల్ల దగ్గర ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక ఏఎన్ఎమ్. "ఫోన్ కిందికి దించండి సిస్టర్, పైనుంచైతే నాకేం తెలీదు. ఛాతీ పక్కనుంచి కనపడాలి" అంటారామె. ఫోన్ దించుతారు. ఒక సిస్టర్ మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కుతుంది. అంచు నుంచి గాలి సుయ్‌మని పోతుంది, ఛాతీ కదలదు. "గదమ లోపలికి రావాలమ్మా, కళ్ల మీదికి పోకూడదు. మెడ మరీ వెనక్కి వంచారు, కొంచెం సరిచేయండి." మాస్క్ మళ్లీ కూర్చుంటుంది, ఈసారి ఛాతీ లేస్తుంది. "ఊపిరి, రెండు, మూడు" అని సిస్టర్ పైకే లెక్కపెట్టుకుంటుంది, నిమిషానికి 40 నుంచి 60 సార్లు పడేలా. నెట్ నెమ్మదిస్తే అవతలి గొంతు వెనకబడుతుంది కాబట్టి లెక్క ఇవతలే పెట్టుకోవాలి. బొడ్డుతాడు బుడ్డీ నొక్కే పని ఏఎన్ఎమ్‌ది.

ఏ పని తర్వాత ఏ పని, ఎప్పుడు 108కి ఫోన్ చేయాలి, ఇవన్నీ తెర మీద చక్కగా వస్తాయి. మాస్క్ పట్టు మాత్రం అలా రాదు. వేళ్ల కింద ముఖం ఉండాలి, గాలి పోతే చెవికి వినపడాలి. బొమ్మ లేని చోట వీడియో పాఠం సగం పాఠమే.

నేర్చుకున్నది నిలవడం ఇంకో సమస్య. టాంజానియాలోని హైడమ్ ఆసుపత్రిలో 2010లో ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు. నెలల తర్వాత బొమ్మ మీద పరీక్ష పెడితే సిబ్బంది బాగా చేశారు. నిజం కాన్పుల్లో మాత్రం మార్పు కనబడలేదు! తర్వాత లేబర్ వార్డులోనే తరచూ కొద్ది నిమిషాల సాధన పెట్టారు. మొదటి 24 గంటల్లో శిశు మరణాలు వెయ్యికి 11.1 నుంచి 7.2కి దిగాయి. బొమ్మ అదే, సిబ్బందీ చాలావరకు వాళ్లే. మారింది తరచుదనం.

తెలంగాణలో 2020 లెక్కల ప్రకారం ప్రతి వెయ్యి జననాల్లో 15 మంది పిల్లలు నెల తిరక్కుండానే పోయారు. అప్పటి దేశం సగటు 20 కన్నా నయమే, కానీ ఆ 15లో ఊపిరందక పోయినవాళ్లూ ఉన్నారు. ఇంత పని ఉండగా శిక్షణ అయిపోయిన మర్నాడే బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేయడం అన్యాయం. పోతుందనో, పాడవుతుందనో భయం. రబ్బరు చిరిగితే ఇంకోటి వస్తుంది.

మెడికల్ ఆఫీసర్లకు ఈ బొమ్మ విన్నపం ఒక్కటే. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ పక్కన ఒక బల్ల వేసి దీన్ని అక్కడే ఉంచండి. డ్యూటీ మారేటప్పుడు ఒక్కో సిస్టర్‌కి అయిదు నిమిషాలు ఇవ్వండి. వారానికోసారి ఆ అయిదు నిమిషాలూ జిల్లా ఆసుపత్రి పిల్లల డాక్టరుగారిని వీడియోలో చూడమనండి.