తొంభై మార్కుల సీడీ

నేను పన్నెండు సెంటీమీటర్ల వెడల్పున్న బ్లూరే డిస్కుని. మా కోనసీమలో నన్ను అందరూ సీడీ అనే అంటారు. ఆస్ట్రియాలో థాల్‌గౌ అనే ఊళ్ళో సోనీ వారి డిస్కుల ఫ్యాక్టరీ ఉంది, అక్కడ పుట్టాను. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఇన్సోమ్నియాక్ గేమ్స్ వాళ్ళు ‘మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ 2’ తయారైపోయిందని ప్రకటించారు. అప్పటికి ఆట ఎలా ఉందో అలాగే నా ఒంటి మీద అచ్చుగుద్దారు. ఆ తర్వాత నాలో ఒక్క అక్షరం మారలేదు, ఇకమీదట మారదు కూడా.

ఆట అమ్మకానికి వచ్చింది అక్టోబరు 20న. సమీక్షలు మాత్రం నాలుగు రోజుల ముందే, 16వ తేదీనే వచ్చేశాయి. సమీక్షకులకు కంపెనీ ముందుగానే ఆటను పంపుతుంది. వాళ్ళు రాత్రనకా పగలనకా ఆడి, గడువులోగా రాసి, మార్కులు వేస్తారు. ఆ మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్‌లో నాకు నూటికి 90 పడ్డాయి. రాజోలులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక కుర్రాడు ఆ అంకె చూసి, కువైట్‌లో డ్రైవరుగా ఉన్న తండ్రికి ఫోన్ చేశాడు.

అలా 2024 సంక్రాంతికి, నిడో పాలపొడి డబ్బాలకీ టాంగ్ డబ్బాకీ మధ్య దూరి, ఆయన సంచీలో బయలుదేరాను. హైదరాబాద్ దాకా విమానం, నర్సాపురం దాకా రైలు, అక్కడి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లి, అక్కణ్ణించి ఆటోలో రాజోలు. దుబాయ్ నుంచి బాబాయి తెచ్చిన ప్లేస్టేషన్ 5 అప్పటికే ఆ ఇంట్లో ఉంది. ఆడాలంటే కనీసం 98 గిగాబైట్ల చోటు కావాలని నా డబ్బా వెనక రాసి ఉంటుంది. ఆ చోటు కోసం కుర్రాడు మిగతా ఆటలన్నీ తుడిచేశాడు. నా మీదున్న సరుకంతా యంత్రంలోకి ఎక్కాక, ఇక నేను తాళంచెవిని మాత్రమే. లోపల ఉంటేనే ఆట తెరుచుకుంటుంది.

ఆ పండగ నాలుగు రోజులూ ఆ ఇల్లు ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. మొదటి ఆటలో ఊరంటే మాన్‌హాటన్ ఒక్కటే. అదీ మన లంకల్లాంటిదే, చుట్టూ నీళ్ళు. రెండో ఆటలో ఈస్ట్ రివర్‌కి అవతలున్న క్వీన్స్, బ్రూక్లిన్ కూడా కలిపారు. ఆ నది దాటడానికి స్పైడర్‌మ్యాన్ చంకల కింద సాలెగూడు రెక్కలు విచ్చుకుంటాయి. కుర్రాడు ఎత్తైన మేడ మీంచి దూకి, నీళ్ళకు జానెడు ఎత్తులో జారుకుంటూ అవతలి ఒడ్డు చేరాడు. జంతికలు పట్టుకొచ్చిన నాయనమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పంటు లేకుండానే ఏరు దాటేశాడేంట్రా!”

గూడు పట్టుకుని ఊగడం, రెక్కలతో జారడం గురించి సమీక్షకులు పేజీలకు పేజీలు మెచ్చుకున్నారు. నాయనమ్మ ఒక్క మాటలో అన్నదీ అదే. ఆ విషయంలో సమీక్షకులు నూటికి నూరుపాళ్ళు నిజం రాశారని నేను ఒప్పుకుంటాను.

తగువు వచ్చింది వేరేచోట. అమలాపురం దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్న మేనత్త కొడుకు కూడా పండక్కి వచ్చాడు.

“బావా, నూటికి తొంభై ఇచ్చారు తెలుసా!”

“ఇచ్చినోళ్ళు డబ్బులెట్టి కొన్నారేంట్రా? ఐదు వేలెట్టి కొన్నోడు వెయ్యాలి మార్కులు.”

విడుదలైనప్పుడు మనదేశంలో నా ధర 4,999 రూపాయలు. కథ ఒక్కటే పట్టుకుని ఆడితే పదిహేను, పదిహేడు గంటల్లో తేలిపోతుంది. కనుమ వెళ్ళిన మర్నాటికే కుర్రాడు ముగింపు చూసేసి, “ఇంతేనా బావా?” అన్నాడు. సంపాదించిన శక్తులన్నీ ఉంచుకుని మళ్ళీ మొదటినుంచి ఆడుకునే వీలును ‘న్యూ గేమ్ ప్లస్’ అంటారు. అదీ నాలో లేదు. ప్రపంచమంతా ఆటగాళ్ళు గట్టిగా అడిగింది దాన్నే. సమీక్షల్లో చాలావాటిలో దాని ఊసు ఒక్క వాక్యం మించలేదు. ఎందుకంటే గడువులోగా రాసి ఇంకో ఆటకు పోవాల్సినవాడికి రెండోసారి ఆడే పని ఉండదు. ఏడాదికి ఒక్క ఆట కొనగలిగిన ఇంట్లో ఆ రెండోసారే ఆట విలువ తేలుస్తుంది. డబ్బుకి ఎన్ని గంటలు వస్తాయన్న లెక్కను చిల్లర లెక్క అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. కువైట్ ఎండలో బండి తోలిన జీతంతో కొన్నప్పుడు అది విమర్శలో మొదటి ప్రశ్న కావాలంటాను.

ఫిబ్రవరిలో, పరీక్షల ముందు, కుర్రాడు నన్ను అమలాపురంలో గడియార స్తంభానికి నడిచేంత దూరంలో ఉన్న ఒక గేమ్ షాపుకి అమ్మేశాడు. మార్చి 7న న్యూ గేమ్ ప్లస్ వచ్చింది. నెట్ ద్వారా యంత్రాల్లోకి దిగింది గానీ నా మీదికి రాలేదు. ఆ కుర్రాడికి అసలు అందనేలేదు. 90 మార్కులు మాత్రం అక్టోబరులో ఎక్కడున్నాయో మార్చిలోనూ అక్కడే ఉన్నాయి. మార్కూ నాలాంటిదే, ఒకసారి అచ్చయితే అంతే. ఆటేమో నెలనెలా మారుతుంది, ఆటగాడి అభిప్రాయం దాంతోపాటు మారుతుంది. ఆరు నెలల తర్వాత సమీక్షకుడు మళ్ళీ ఆడి, మళ్ళీ రాస్తే ఎంత బాగుండునో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

షాపులో నా అసలు చదువు మొదలైంది. అక్కడ పిల్లలు గంట లెక్కన డబ్బులిచ్చి ఆడతారు. కథ ఎన్ని గంటలన్న గొడవ వాళ్ళకి లేదు, చేతిలో ఉన్నది ఒక గంట. బడి సంచులు మూలన పడేసి, రిమోట్ అందుకుని, ఊగడమే. సమీక్షకులు మెచ్చుకున్న రెండోది రచన. స్పైడర్‌మ్యాన్ పీటర్‌కీ అతని మిత్రుడు హ్యారీకీ మధ్య స్నేహం, రెండో స్పైడర్‌మ్యాన్ మైల్స్ మనసులోని కోపం, ఇదంతా ఇంగ్లిష్‌లో నడుస్తుంది. 2023 జూన్‌లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ బొమ్మల సినిమా తెలుగులో మాట్లాడింది. నాలో తెలుగు లేదు. మాటలు మొదలవగానే పిల్లలు బటన్ నొక్కి దాటేసేవారు. అంత పేరు తెచ్చుకున్న సంభాషణలు అమలాపురంలో సగం వినబడకుండానే పోయాయి. నాకు తెలిసిన ఏ సమీక్షలోనూ దీనికి మార్కులు తగ్గించలేదు.

ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లాడొకడు హేలీ అనే అమ్మాయి ఘట్టంలోకి వెళ్ళాడు. హేలీకి చెవులు వినబడవు. ఆ కాసేపూ ఆట ఆమె వైపు నుంచి నడుస్తుంది. శబ్దం దాదాపుగా ఉండదు, చేతి సైగలూ బొమ్మలూ గోడ మీద రంగులూ అంతే. వాడు ఎక్కడా బటన్ నొక్కి దాటవేయలేదు. పక్క సీట్లవాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు. ఇంగ్లిష్ వచ్చినవాడూ రానివాడూ సమానమైన ఘట్టం నాలో అదొక్కటే. నేను గర్వపడేది దానికే.

షాపు యజమాని ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటరు నడిపాడు. తీరిక దొరికితే పిల్లలకి 2004 సంగతులు చెప్పేవాడు. ఆ ఏడాది సినిమాతోపాటు ‘స్పైడర్‌మ్యాన్ 2’ ఆట వచ్చింది. ట్రెయార్క్ వాళ్ళు ప్లేస్టేషన్ 2 కోసం చేసినదాంట్లో గూడు నిజంగా మేడకే అంటుకునేది, ఊరంతా స్వేచ్ఛగా తిరగొచ్చు. దాన్ని సమీక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. కంప్యూటర్ల కోసం వేరే సంస్థ చేసినదాని పేరు అదే గానీ ఆట వేరు. గుర్తులున్న చోటే గూడు తగులుకునేది.

“పొగిడిందొకటి, మా సెంటర్లో ఆడిందొకటండి. పిల్లలు నన్ను తిట్టారు. ఆయ్!”

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ముచ్చటే మళ్ళీ జరిగింది. 2025 జనవరి 30న నా ఆట కంప్యూటర్లకు వచ్చింది, డిస్కు లేకుండా. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో మొదటి రోజు రాసిన ఆటగాళ్ళలో సగానికి కాస్త మించిన వాళ్ళే బాగుందన్నారు. మధ్యలో ఆగిపోతోందనీ, మూసుకుపోతోందనీ ఫిర్యాదులు. రాజోలు కుర్రాడి బావ షాపుకొచ్చి తన ల్యాప్‌టాప్ గోడు చెప్పుకున్నాడు. అందులో ఉన్నది జీటీఎక్స్ 1650 కార్డు, కంపెనీ కనీస అర్హతగా చెప్పింది కూడా అదే. “పంటులో ఉన్నట్టు ఊగుతానండి, మేడ మలుపు తిరగ్గానే బయటికి తోసేస్తందండి.” ఆటను కంప్యూటర్లకు మార్చిన నిక్సెస్ వాళ్ళు తర్వాత వరుసగా సవరణలు వదిలారు. 90 మార్కులు ప్లేస్టేషన్ 5 మీద ఆడి వేసినవి. బావ కొన్నది కంప్యూటర్ మీద. సమీక్షకులూ బావా, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. కానీ ఆ అంకెను చూపించి ఈ సరుకు అమ్మినప్పుడు నష్టపోయింది బావే, కాబట్టి నేను అతని పక్షమే.

మొదటి ఆటకు 2018లో మూడు అదనపు కథలొచ్చాయి. నాకూ వస్తాయని షాపులో పిల్లలు ఎదురుచూశారు. కొత్త కథ వేసే ఆలోచన లేదని కంపెనీ వాళ్ళు 2024 అక్టోబరులోనే తేల్చి చెప్పేశారు. ఏటా ఆటలకు బహుమతులిచ్చే ది గేమ్ అవార్డ్స్‌లో ఏడు నామినేషన్లు వచ్చి ఒక్కటీ దక్కలేదన్న దానికన్నా నాకు అదే బాధ.

తర్వాత షాపువాడు నన్ను కొత్తపేట కుర్రాడికి అమ్మాడు. ఆ ఇంట్లో అతనికన్నా ఎక్కువగా ఆడేది ఎనిమిదేళ్ళ చెల్లి. నా ఆటకు వేగం తగ్గించుకునే ఏర్పాటుంది, డెబ్బై, యాభై, ముప్పై శాతానికి. అన్నయ్య ఆమె కోసం యాభైకి పెట్టి ఇచ్చాడు. ఆట మొదట్లోనే సాండ్‌మ్యాన్‌తో పెద్ద పోరాటం ఉంటుంది, మేడంత ఇసుక మనిషి. స్పైడర్‌మ్యాన్ నింపాదిగా దూకుతాడు, ఇసుక పిడికిలి నింపాదిగా దిగుతుంది, ఆ పిల్ల ఊపిరి బిగబట్టి పక్కకు తప్పుకుంటుంది. గెలిచాక ఆపేసి, మర్నాడు మళ్ళీ అదే పోరాటం మొదలెడుతుంది.

“ఇంకెంతుందన్నయ్యా ఈ గేమ్?”

“ఇప్పుడే కదే మొదలెట్టావు.”

“చాలా పెద్దగుంది. వేసవి సెలవుల్దాకా అవ్వదు ఇది!”