నా అల్లికలో దాగిన మైదా

నేను జల్లెడను. స్టీలు చట్రం, సన్నటి తీగల అల్లిక. 2004లో బేగంబజార్‌లో నన్ను కొని అమీర్‌పేటకు తెచ్చారు. మైత్రీవనం వెనక సందులో కింద చిన్న బేకరీ, పైన ఇల్లు. తెల్లారి నాలుగింటికి నాన్న (ఇంట్లో అందరూ పిలిచినట్టే నేనూ అలాగే అంటాను) నా అంచు మీద అరచేత్తో తడితే మైదా మంచులా రాలేది. ఆ మైదాతోనే ఉస్మానియా బిస్కెట్లు. చివరి నిజాం పేరు మోస్తున్న ఆ బిస్కెట్‌లో తీపి ముందు తగిలి, ఉప్పు వెనక వస్తుంది. కోచింగ్ క్లాసుల నుంచి వచ్చే హాస్టల్ పిల్లలు సాయంత్రం చాయ్‌లో ముంచుకుని, మధ్యాహ్నం తినని భోజనం లోటు అలా పూడ్చుకునేవాళ్లు. 2017లో మెట్రో వచ్చింది. సత్యం థియేటరూ పోయింది. నా పని మాత్రం మారలేదు.

నాన్న కూతురు మైదా బస్తా మీద కూర్చుని, ట్రే దిగీ దిగగానే వేడి బిస్కెట్ అందుకునేది. ఎనిమిదేళ్లొచ్చినా ఐదేళ్ల పిల్లలా ఉండేది. పొట్ట ఉబ్బు, విరేచనాలు, పాలిపోయిన మొహం. ఒక ఆసుపత్రిలో నులిపురుగుల మందు, ఐరన్ టానిక్ రాసి రాసి రెండేళ్లు గడిపారు. చివరికి పంజాగుట్టలో జీర్ణకోశ వైద్యుడొకరు టీటీజీ రక్తపరీక్ష చేయించారు. ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ మానొద్దని గట్టిగా చెప్పారు. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు కనబడదట. జబ్బు పేరు సీలియాక్. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ లోపలికి వెళితే శరీరం తన చిన్నపేగు మీద తానే దాడి చేసుకుంటుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు. మందు లేదు, జీవితాంతం పథ్యమే. 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ నీరసించడం డికె అనే పిల్లల డాక్టరు గమనించాడు. గోధుమ మీద అనుమానం అలా బలపడింది.

పిల్ల జబ్బు పేరు తెలిసిన రాత్రి నాన్న బేకరీలో దీపం ఆర్పకుండా చాలాసేపు కూర్చున్నాడు. పిల్లకు బిస్కెట్ లేకుండా చేయడం ఆయనకు మనసొప్పలేదు.

మర్నాడు నన్ను పైకి తీసుకెళ్లారు. మైదా ఎంతో జొన్నపిండి అంత వేశారు, మిగతాదంతా మామూలే. బిస్కెట్ ట్రే మీదే పగిలి ఇసుకైంది. మైదాను పట్టి ఉంచేది గ్లూటెనే. అది లేని పిండికి జిగురు ఎక్కణ్ణుంచి వస్తుంది? నానమ్మది పాలమూరు. చిన్నప్పటి నుంచీ జొన్నరొట్టె తట్టిన చేతులు. "వేన్నీళ్లు పొయ్యకుంటే జొన్నపిండి మాటింటదా బిడ్డా?" అంది కొడుకుతో. పిండిలో నాలుగోవంతు తీసి మరిగే పాలు పోసి గరిటెతో తిప్పింది. చూస్తుండగానే అది జావై, సాగి, మెరిసింది. అదే బంక. మిగతా జొన్నపిండి, కాస్త బియ్యప్పిండి, వెన్న, చక్కెర, ఉప్పు అందులో కలిపి, చెంచాడు ఇసబ్‌గోల్ వేసి, ముద్దను అరగంట వదిలేసింది. నానితేగాని పంటికింద గరుకు పోదు. సన్న సెగన కాల్చి, పూర్తిగా చల్లారేదాకా ట్రే మీంచి కదపనివ్వలేదు; వేడి మీద తీస్తే విరిగిపోతాయి. ఉస్మానియా రుచి కాదు. కాల్చిన రొట్టె వాసన, దాని మీద వెన్న. నాకైతే అదే నచ్చింది.

పిల్ల నాలుగు తింది. మూడోనాడు మళ్లీ కడుపునొప్పి.

అప్పుడు మొదలైంది వెతుకులాట. జొన్నలు పట్టించిన గిర్నిలో అంతకుముందు గోధుమలు పట్టారు. చారులో వేసిన ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులోనూ గోధుమపిండి. నానమ్మ జొన్నలు కడిగి, డాబా మీద ఎండబెట్టి, కొత్త మిక్సీ జారులో పిండి పట్టడం మొదలుపెట్టింది. ఇంగువ మానేసింది. అయినా నొప్పి తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం నాన్న నన్ను ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. తీగలు చట్రం కిందికి మడతపడే చోట పిన్నీసు పెట్టి గీరాడు. తెల్లటి పొర, గోరు అంచంత, రేకులా ఊడి ఆయన అరచేతిలో పడింది. ఏళ్ల తరబడి కడిగినప్పుడల్లా తడిసి, ముద్దై, ఎండి, నాలో పాతుకుపోయిన మైదా. గ్లూటెన్ లేనిదని అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా నిబంధన. మైదాలో ఇంచుమించు పదోవంతు గ్లూటెనే. అంటే కిలో పిండిలో ఒక్క గ్రాము మైదా రాలినా ఆ హద్దు నాలుగైదు రెట్లు దాటినట్టే. పిల్ల కోసం ఎంత జాగ్రత్తగా జల్లించారో నాకు తెలుసు. ప్రతి తట్టుకూ ఆ పిల్లకు పడనిదాన్ని రాల్చింది నేనే.

నాన్న ఒక్క మాటా అనలేదు. కడిగి, తుడిచి, బేకరీ మేకుకే తగిలించాడు. పైన వంటింట్లోకి కొత్త జల్లెడ, కొత్త ట్రే, కొత్త అప్పడాల కర్ర వచ్చాయి. వాటికి పిల్ల గుర్తుగా తన పాత ఆకుపచ్చ రిబ్బన్ ముక్కలు కట్టింది. కింద మైదా పని ముగిశాక నాన్న స్నానం చేసి, చొక్కా మార్చుకుంటేగాని ఆ వంటింటి గడప తొక్కడు. నేను కిందికి వచ్చాక పైన జరిగిన ఈ సంగతులన్నీ నానమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని చెబుతుంటే విన్నవే.

కొన్ని నెలలకు రక్తపరీక్షలో అంకె బాగా దిగిందట. గౌను పొట్టిదైందని తల్లి కొత్తది కుట్టించింది.

మొన్న ఒక హాస్టల్ అబ్బాయి పై నుంచి వస్తున్న వాసన పట్టి, "అమ్మమ్మా, ఆ జొన్న బిస్కెట్లు ఒక పావుకిలో ఇవ్వరాదూ?" అన్నాడు.

"ఇస్త బాబూ, జర ఆగు. ముందుగాల మా పిల్ల బడి డబ్బా నిండనీ" అంది నానమ్మ.